వాలు అక్షరం మీద వల్లమాలిన మోజు

అక్షరం అందంగా ఉంటే చాలు, చదవడం దానంతటదే జరిగిపోతుందని చాలా ఏళ్లు నమ్మినవాణ్ణి నేను. బీదర్‌లో చిన్న డీటీపీ దుకాణం నాది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం పత్రికలు, దుకాణాల బోర్డులు, బిల్లు పుస్తకాలు, దశదినకర్మ కార్డులు నాకు అన్నం పెట్టాయి. ఊళ్లోవాళ్ల చేతుల్లోకి వెళ్లే కాగితం మీద ఏ అక్షరం పడాలో తేల్చేది నేనే. అంత బాధ్యతను కొన్నేళ్లపాటు ఒకే ఒక్క అక్షరం మీది మోజుకు వదిలేశాను. దానివల్ల నష్టపోయింది నేను కాదు, నన్ను నమ్మి పని అప్పగించినవాళ్లు. అందుకే ఇది కడుపులో దాచుకోవలసిన సంగతి కాదనిపించి రాస్తున్నాను.

మా ఊరి సంగతి కొంత చెప్పాలి. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో మేము మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. అదే జిల్లాలో ఉండిన జహీరాబాద్, నారాయణఖేడ్ తెలుగు వైపు వెళ్లాయి. గీత గీశారు గానీ చుట్టరికాలు తెగలేదు. ఇక్కడి పిల్లను అక్కడ ఇస్తారు, అక్కడి పిల్లను ఇక్కడ చేసుకుంటారు. అందుకని మా దగ్గర పెళ్లి కార్డు ఒక్క భాషలో ఉండటం అరుదు. లోపల ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తెలుగు, అట్ట మీద ఇంగ్లీషు. కొన్ని ఇళ్లకు మరాఠీ, కొన్ని ఇళ్లకు ఉర్దూ. ఇన్ని లిపుల మధ్య బతికే ఊళ్లో అక్షరాల పని చేసేవాడికి ఎంత ఒళ్లు దగ్గరుండాలి! నాకు లేకపోయింది.

నేను మనసు పారేసుకున్న అక్షరం ఇంగ్లీషుది. ఆ జాతిని స్లాబ్ సెరిఫ్ అంటారు. మామూలు ఇంగ్లీషు పుస్తకంలో అక్షరాల కొసలకు సన్నని మొనలుంటాయి. స్లాబ్ సెరిఫ్‌లో ఆ మొనల చోట దిట్టమైన అడ్డపట్టీలుంటాయి. లండన్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815-17 ప్రాంతంలో తన నమూనా పుస్తకంలో ఈ జాతిని చూపించాడు. ప్రకటనల కాలం మొదలైన రోజులవి. వీధిలో నడిచిపోయే మనిషి గోడ మీది పోస్టరు చూసి ఆగాలి. అందుకే ఆ అక్షరాలు లావుగా, నల్లగా, నేల అదిరేలా ఉండేవి. 1845లో రాబర్ట్ బెస్లీ సంస్థ తెచ్చిన క్లారెండన్ కొంచెం ఒళ్లు తగ్గించుకుని నిఘంటువుల్లోకి చేరింది. పేజీ నిండా మామూలు అక్షరాలుంటే వాటి మధ్య పదాన్ని ఎత్తి చూపడం దాని పని. తర్వాత టైప్‌రైటర్ వచ్చింది. టైప్‌రైటర్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు జాగా. ‘ఐ’ లాంటి ఒంటికాలి అక్షరం పక్కన బోసిగా కనపడకుండా దానికి కిందా పైనా వెడల్పాటి పట్టీలు తొడిగారు. అలా స్లాబ్ సెరిఫ్ సన్నబడి కచేరీ కాగితాల మీదికి కూడా ఎక్కింది.

1929లో జర్మనీలో రుడాల్ఫ్ వోల్ఫ్ గీసిన మెంఫిస్, 1934లో మోనోటైప్ కంపెనీ తెచ్చిన రాక్‌వెల్ ఈ జాతికి కొత్త రూపం ఇచ్చాయి. స్కేలూ వృత్తలేఖినీ పట్టుకుని గీసినంత కచ్చితమైన అక్షరాలు. గుండ్రం అంటే నిజంగా గుండ్రం, గీతంటే గీత, పట్టీ మందం నిలువు గీత మందంతో సరిసమానం. వీటికి లావు రూపాలతోపాటు సన్న రూపాలు, ఆ సన్నవాటికి కుడికి వాలిన రూపాలు కూడా వచ్చాయి. అచ్చులో వాలు అక్షరం అంతకు చాలా ముందు, 1501లో వెనిస్‌లో అల్డస్ మనూషియస్ వేసిన చిన్న సైజు పుస్తకాలతో పేరుకెక్కింది. దాని అక్షరాలు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. అది చేతిరాతలోంచి పుట్టిన వాలు. 1930ల స్లాబ్ సెరిఫ్‌ల వాలు అలాంటిది కాదు. నిలబడిన అక్షరాన్నే పక్కకు ఒరిపి, చెడిన వంపులను మళ్లీ చేత్తో దిద్ది తీర్చిన వాలు.

నా చేతికి చిక్కింది ఆ వంశంలోని ఈ కాలపు అక్షరం, జోసెఫిన్ స్లాబ్. మెక్సికో డిజైనర్ సాంతియాగో ఒరొస్కో 1930ల జ్యామితి అక్షరాల ధోరణిలో దీన్ని గీసి, 2010 ప్రాంతంలో అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. వ్యాపారానికి వాడుకున్నా డబ్బు కట్టనక్కర్లేదు. అందులో ‘లైట్ ఇటాలిక్’ అనే రూపం నా మతి పోగొట్టింది.

పెద్ద ‘ఎం’ అక్షరాన్ని ఆ రూపంలో తెర నిండా పెట్టుకుని గంటలు గంటలు చూసేవాణ్ణి. గీతలన్నిటికీ ఒకే మందం, అదీ వెంట్రుకకు కాస్త ఎక్కువ. కాళ్లు కుడికి ఒరుగుతాయి. కాళ్ల కింది పట్టీలు మాత్రం ఒరగవు, నేలకు సమంగా అలాగే ఉంటాయి. అందువల్ల కాలూ పట్టీ కలిసేచోట కింద కుడి పక్క కోణం ముడుచుకుంటుంది, ఎడమ పక్క విప్పుకుంటుంది. ఒక పక్క పరుగు, ఇంకో పక్క నిలకడ. ఆ రెండూ ఒకే అక్షరంలో ఇముడుతాయి. గుండ్రని ‘ఓ’ను యంత్రంతో వాల్చితే పైన కుడి వంపు, కింద ఎడమ వంపు లావెక్కుతాయి, మిగతా రెండు వంపులు చిక్కిపోతాయి. తెలిసిన డిజైనర్ ఆ తేడా కనపడకుండా ప్రతి వంపునూ సర్దుతాడు. ఇంత పని ఉంది ఆ అందం వెనక. దాన్ని మెచ్చడం నా తప్పు కాదు. ఇవాళ్టికీ మెచ్చుతాను. ఎక్కడ వాడాలో ఆలోచించకపోవడం నా తప్పు.

మొదట పెళ్లి కార్డుల మీద పెట్టాను. ముదురు మెరూన్ రంగు అట్ట, దాని మీద వెండి ఫాయిల్‌తో అమ్మాయి, అబ్బాయి పేర్లు, వాలిన సన్న అక్షరాల్లో, వేలెడంత ఎత్తున. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. నిజంగానే బాగుంది. అక్కడితో ఆపితే సరిపోయేది. అదే అక్షరాన్ని లోపలికి కూడా తీసుకెళ్లాను. ముహూర్తం, కల్యాణమండపం చిరునామా, ఫోన్ నంబర్లు, బంధువుల పేర్లు, అన్నీ అదే సన్న వాలులో, చిన్న సైజులో, మెరూన్ మీద వెండి రంగుతో. జోసెఫిన్ స్లాబ్‌లో చిన్న బడి అక్షరాల ఒళ్లు పెద్ద అక్షరాలతో పోలిస్తే బాగా పొట్టి. 12 పాయింట్లు పెట్టినా కంటికి అంతకంటే చిన్నగా ఆనుతుంది. పక్కన తెలుగు కూడా దానికి జోడీగా ఉండాలని సన్నటి తెలుగు ఫాంటు తీసుకుని, ఇటాలిక్ బటన్ నొక్కి వాల్చాను.

ప్రూఫ్ చూడటానికి పిల్ల తండ్రి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, మా ఇంటికి తెలిసినవాడు. కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

“తమ్మీ, పేర్లు మస్తుగున్నయి. గానీ లోపలి అక్షరం జర లావు చెయ్యరాదు? మా బాపుకు కనబడాలె.”

“కాకా, ఇప్పుడిదే నడుస్తున్నది. లావు చేస్తే అందమంతా పోతది” అన్నాను.

“సరే మరి, నీకు తెల్వదా” అని సంతకం పెట్టి వెళ్లాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నాకు తెలుసని ఆయన నమ్మాడు. నాకు తెలియదు.

కార్డులు అచ్చయి వచ్చాక ఒకటి తీసి భూతద్దం కింద పెట్టి ఉంటే నాకే అర్థమయ్యేది. ఫాయిల్ అచ్చులో వేడి దిమ్మె వెండి పొరను కాగితానికి అంటిస్తుంది. గీత మరీ సన్నమైతే పొర అక్కడక్కడా అంటదు. కోణం మరీ ఇరుకైతే పొర దాన్ని పూడ్చేస్తుంది. కాలూ పట్టీ కలిసేచోట ముడుచుకుంటుందని మురిసిపోయిన ఆ కోణమే ముందు పూడింది. ముహూర్తం 10-17 అన్నచోట 1 కింది పట్టీ సగం అంటలేదు. వాలిన 1, దాని పక్కన వాలిన 7 ఒక్కలాగే కనపడ్డాయి. తెలుగు పక్కన వత్తులు చుక్కల్లా మిగిలాయి.

పెళ్లి జరిగింది. మిగతా డబ్బు ఇవ్వడానికి ఆయన దుకాణానికి వచ్చాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. “కార్డు మంచిగుందని అందరన్నరు తమ్మీ. టైమెప్పుడు, హాలెక్కడ అని కూడా అందరడిగిన్రు. ఇంటింటికి ఫోన్ చేసి చెప్పుకున్నం” అన్నాడు. డబ్బు తీసుకోవడానికి నా చెయ్యి రాలేదు. ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు. ఫాయిల్ వేసినవాళ్లను తప్పుపట్టాను. అట్ట నాసిరకం అన్నాను. చదవలేకపోయినవాళ్ల కళ్లను కూడా తప్పుపట్టాను. ఈ తరానికి రుచి అలవాటు చేయాలని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తన మోజును కాపాడుకోవడానికి ఎంత దూరం వెళ్తాడో అప్పుడు నాలోనే చూశాను. మూర్ఖత్వం అంటే తెలియకపోవడం కాదు, తెలియజెప్పినవాళ్ల మాట వినకపోవడం.

తర్వాత ఒక మందుల దుకాణానికి బోర్డు చేశాను. అదే సన్న వాలు అక్షరాలను యాక్రిలిక్‌లో కోయించి, వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టించాను. పగలు బాగానే ఉంది. రాత్రి దీపాలు వేస్తే వెలుగు చుట్టూ పరుచుకుని సన్న గీతలను మింగేసింది. రోడ్డు మీదినుంచి చూస్తే వెలుగు మరక తప్ప పేరు తెలియదు. మందుల దుకాణం కోసం రాత్రిపూట వెతుక్కుంటూ వచ్చేవాడు ఎలాంటి అవస్థలో వస్తాడో నేను ఆలోచించలేదు. ఆ యజమాని తన డబ్బుతోనే బోర్డు మార్చుకుని, దిట్టమైన కన్నడ అక్షరాలు పెట్టించుకున్నాడు. దూరం నుంచి వచ్చేవాడి కన్ను ఆపడానికే ఈ అక్షరజాతి లండన్ గోడల మీద పుట్టింది. దాని పుట్టుక తెలిసి కూడా దాని బలాన్ని తీసేసి బోర్డెక్కించాను.

వీటన్నిటికంటే పెద్ద తప్పు తెలుగును, కన్నడాన్ని బటన్ నొక్కి వాల్చడం. ఇది నేనొక్కణ్ణే చేయలేదు, ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తెలుగు అక్షరం అడుగు గీత మీద నిలబడి ఊరుకునేది కాదు. పైన గుడి, తలకట్టు, పక్కన కొమ్ము, కింద వత్తు. ‘స్త్రీ’ అని రాసి చూడండి, మూడంతస్తుల కట్టడం. కంప్యూటర్ వాల్చేటప్పుడు అడుగు గీతను కదలకుండా పట్టుకుని, దాని పైనున్నదాన్ని కుడికి, కిందున్నదాన్ని ఎడమకు జరుపుతుంది. గుడి కుడికి జారుతుంది. వత్తులు ఎడమకు జారి పక్క అక్షరం కిందికి చేరతాయి. ఏ వత్తు ఏ అక్షరానిదో కన్ను వెతుక్కోవాలి. తలకట్టు అసలే కుడికి ఎగబాకే గీత, దాన్ని ఇంకా కుడికి ఒరిపితే పడుకుంటుంది, చిక్కిపోతుంది. మన అక్షరాలన్నీ వంపులే గనుక ఇంగ్లీషు ‘ఓ’లో జరిగే వికారం ఇక్కడ ప్రతి అక్షరంలోనూ జరుగుతుంది. కన్నడానికీ ఇదే గతి. రెండు లిపులూ ఒకే ఇంటి పిల్లలు.

తెలుగు ఫాంట్లు చేసినవాళ్లకు ఇది తెలుసు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన సురన్న, గిడుగు, రామభద్ర, మండలి వంటి ఫాంట్లకు వాలు రూపం లేదు. అప్పాజీ అంబరీష దర్భ చేసిన చతురలో మరీ సన్నం నుంచి మరీ లావు దాకా అయిదు మందాలున్నాయి, వాలు లేదు. ఏక్ టైప్ సంస్థ వాళ్ల అనేక్ తెలుగులో మందాలూ వెడల్పులూ ఎన్నో ఉన్నాయి, వాలు లేదు. మన అచ్చులో ఒక మాటను ఎత్తి చూపాలంటే లావు చేశారు, రంగు మార్చారు, కొటేషన్లలో పెట్టారు. వంపు కావాలంటే చేత్తో రాయించుకున్నారు. చిత్రకారుడు బాపు చేతిరాత తెలుగువాళ్ల కళ్లకు ఒక అక్షరరూపంగా స్థిరపడిందంటే అందులోని కదలిక చేతిలోంచి వచ్చింది కాబట్టే. ఉర్దూలో నస్తాలీఖ్‌ది పుట్టుకతోనే జారుడు నడక. దాన్ని కంపోజింగ్ యంత్రంలోకి తేవడానికి మీర్జా అహ్మద్ జమీల్ వేల పదరూపాలను చేత్తో రాశారు. 1981 నాటికి అది నూరీ నస్తాలీఖ్‌గా వచ్చింది. ఒక లిపి నడకను యంత్రానికి నేర్పడానికి అంత చాకిరీ చేశారు. నేను ఒక బటన్‌తో పని అయిపోయిందనుకున్నాను.

నా కళ్లు తెరిపించింది ఒక దశదినకర్మ కార్డు. పోయిన పెద్దాయన ఊళ్లో ఎందరికో చదువు చెప్పిన మనిషి. కొడుకు వచ్చి వివరాలు రాసిచ్చి, “మంచిగ చెయ్యన్నా” అని మాత్రం అన్నాడు. అలవాటు ప్రకారం సన్న ఫాంటు తీసుకుని, వాల్చి, స్క్రీన్ ప్రింటింగ్‌కు పంపాను. స్క్రీన్ అచ్చులో సిరా ఒక వల గుండా దిగుతుంది. వల కన్ను కంటే సన్నని గీత దిగదు, దిగినా తెగుతుంది. పెద్దాయన పేరులో ‘ధ’ ఉంది. ధ కింద ఉండే చిన్న నిలువు గీత చాలా కార్డుల్లో పడలేదు. ధ ద అయింది. కార్డులు పంచిన తర్వాత కొడుకు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, “అన్నా, మా బాపు జిందగీ అంత పిల్లల తప్పులు దిద్దిండు. ఆయన పేరే తప్పు పడ్డది” అన్నాడు.

జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందులో ఫాయిల్ లేదు, అట్ట తప్పు లేదు, ఎవరి కళ్ల తప్పూ లేదు. ఒక మనిషి పేరును పదిమంది చేతుల్లో చివరిసారి పెట్టే కాగితం మీద, నా మోజు కోసం ఆ పేరును చెడగొట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్లు కొత్త డిజైన్లు ముట్టలేదు. ఊళ్లో పాత అక్షరాలు చూస్తూ తిరిగాను. పుట్టినప్పటినుంచి చూస్తున్నవే, కానీ అక్షరాల పని చేసేవాడిగా ఎప్పుడూ చూడలేదు. అష్టూరు దారిలో చౌఖండీ ఉంది, హజ్రత్ ఖలీలుల్లా సమాధి. 15వ శతాబ్దపు కట్టడం. కమాను చుట్టూ నల్లరాతి మీద చెక్కిన అరబ్బీ అక్షరాలున్నాయి. రాసింది షీరాజ్ నుంచి వచ్చిన ముఘీస్ అనే లేఖకుడు. నాకు అరబ్బీ రాదు. అయినా కింద నిలబడి చూస్తే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. లతల చెక్కడం నాజూకుగా ఉంటుంది, అక్షరం దిట్టంగా ఉంటుంది. ఎండ ఏ వైపునుంచి పడినా, మనిషి ఎంత దూరంలో ఉన్నా అక్షరం అక్షరంలా నిలుస్తుంది. 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముఖం మీద మిగిలిన నీలి పలకల్లోనూ అంతే. అంత ఎత్తున పెట్టే అక్షరానికి ఎంత ఒళ్లుండాలో చేసినవాళ్లు లెక్క వేసుకునే చేశారు.

ఆ రోజుల్లోనే ఒక బిద్రీ కార్ఖానాకు పోయి కూర్చునేవాణ్ణి. జస్తులో కొంచెం రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద ముందు మైలుతుత్తం నీళ్లు పూసి నలుపు చేస్తారు, గీతలు కనపడాలని. తర్వాత ఉలితో గాడి తీసి వెండి తీగ గానీ, వెండి రేకు గానీ పొదుగుతారు. చివరకు బీదర్ కోటలోంచి తెచ్చిన మట్టిలో నవసాగరం కలిపి మరిగించి రుద్దుతారు. పాత్ర శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. నల్లటి నేల మీద వెండి గీత. నేను మెరూన్ అట్ట మీద చేయబోయింది ఇదే. మా ఊరి చేతులు తరతరాలుగా చేస్తున్న పనిని నేను కంప్యూటర్ ముందు కూర్చుని కొత్తగా కనిపెడుతున్నాననుకున్నాను.

అక్కడ ఒక పెద్ద పనివాడు సన్నని తీగతో లతలు పొదుగుతున్నాడు. పక్కన ఒక జ్ఞాపిక మీద ఎవరిదో పేరు ఉంది. దానికి తీగ కాదు, రేకు కోసి పెట్టాడు. “ఉస్తాద్, పేరు కూడా తీగతోనే చేస్తే ఇంకా నాజూకుగా ఉండదా?” అని అడిగాను. ఆయన ఉలి ఆపకుండానే దక్కనీలో చెప్పిన మాటకు అర్థం ఇది: తీగ చూడటానికి, రేకు చదవడానికి. పేరు పెట్టించుకున్నవాడు డబ్బిచ్చేది తన పేరు కనపడాలని. గాడిలో సరిగ్గా పట్టని తీగ కొన్నాళ్లకు లేచిపోతుంది, అప్పుడు పోయేది నా పేరు కాదు, ఆయన పేరు.

ఏ పుస్తకంలోనూ నాకు దొరకని పాఠం అది. చూడటానికి పెట్టేది వేరు, చదవడానికి పెట్టేది వేరు. రెండూ అవసరమే. ఒకదాని పని రెండోదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి. జరీచీర పెళ్లిపీటల మీద కట్టాలి గానీ పొలం పనికి కట్టకూడదు. తప్పు చీరది కాదు.

కాబట్టి ఆ అక్షరాన్ని నేను వదిలేయలేదు. దాని చోటు దానికిచ్చాను. సన్న వాలు స్లాబ్ సెరిఫ్ ఎక్కడ రాణిస్తుందో ఇప్పుడు చెప్పగలను. మాటలు తక్కువగా ఉండాలి: రెండు పేర్లు, ఒక శీర్షిక, ఒక చిన్న వాక్యం. సైజు పెద్దగా ఉండాలి. 36 పాయింట్లకు తగ్గితే నేను దాన్ని ముట్టను. చుట్టూ ఖాళీ ఉండాలి. లేత రంగు కాగితం మీద ముదురు సిరాతో వేస్తే గీత తెగదు. ముదురు నేల మీద తెల్లగా వేస్తే చుట్టూ ఉన్న సిరా పాకి గీతను తినేస్తుంది. కవితా సంపుటి అట్ట, పత్రికలో వ్యాసం శీర్షిక, వ్యాసం మధ్యలో ఎత్తి చూపే వాక్యం, మిఠాయి పెట్టె మీద పేరు, చిత్రాల ప్రదర్శన పిలుపు, వీటికి దాన్ని మించింది దొరకదు. పోస్టరు అక్షరంలోని నిలకడ, చేతిరాతలోని సౌకుమార్యం రెండూ అందులో ఉన్నాయి. అమెరికాలో 2001లో మార్తా స్టూవర్ట్ లివింగ్ అనే ఇంటి పత్రిక కోసం హెఫ్లర్, ఫ్రీర్-జోన్స్ అనే డిజైనర్లు ఆర్చర్ పేరుతో స్లాబ్ సెరిఫ్ చేశారు. కరకు పట్టీలకు తోడు కొన్ని అక్షరాల కొసలకు చిన్న గుండ్లు పెట్టి మెత్తబరిచారు, దాని సన్న రూపాలు శీర్షికలకు ఎంతో ఒప్పుతాయి. దాని వాలును కూడా కేవలం ఒరపలేదు, విడిగా గీశారు. పని తెలిసినవాళ్లు అక్షరాన్ని ఎక్కడికి పంపాలో ముందు ఆలోచించి, తర్వాత గీస్తారు.

ఇప్పుడు నా దుకాణంలో పెళ్లి కార్డు ఇలా వెళ్తుంది. అట్ట మీద పేర్లు మాత్రం ఆ సన్న వాలులో, పెద్దగా. లోపల తెలుగు, కన్నడం నిటారుగా, మధ్యరకం మందంలో, 14 పాయింట్లకు తగ్గకుండా, గుళ్లూ వత్తులూ ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ వదిలి. తేదీ, ముహూర్తం, ఫోన్ నంబరు ఎప్పుడూ నిటారు అంకెల్లోనే. ధ, ద, థ, అలాగే ప, ష, ఘ, ఝ ఉన్న పేర్లను అచ్చు సైజులోనే కాగితం మీద తీసి చూసుకుంటాను, తెర మీద పెద్దది చేసి కాదు. తెర మీద ప్రతి అక్షరమూ బాగుంటుంది. అబద్ధం చెప్పేది తెరే.

పెళ్లి కార్డు వేయించిన ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. రెండో పిల్ల పెళ్లికి కూడా నా దగ్గరికే వచ్చాడు. ప్రూఫ్ తీసి తన తండ్రి చేతికిచ్చి చదివించుకున్న తర్వాతే సంతకం పెట్టాడు. ఆ పద్ధతి నేను నేర్పింది కాదు, ఆయన నాకు నేర్పింది. దశదినకర్మ కార్డు వేయించిన కొడుకు మళ్లీ రాలేదు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ, కార్డులు తిరిగి వేసివ్వడంతో తీరేది కాదు.

ఇప్పుడు డీటీపీ దుకాణం దాకా రాకుండానే పెళ్లి పిలుపులు ఫోన్‌లో తయారవుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చే కార్డుల్లో సగానికి సగం సన్న అక్షరాలు, వాల్చిన తెలుగు, బంగారు రంగు మీద లేత పసుపు. చేసేవాళ్ల చేతిలో వందల ఫాంట్లున్నాయి, ఆపి చెప్పేవాళ్లు లేరు. అందుకని వాళ్లకు నా మనవి. మీకు నచ్చిన అక్షరం వాడండి, మనసారా వాడండి, పేర్ల మీద వాడండి. సమయం, స్థలం, మనుషుల పేర్లలోని వత్తులు మాత్రం మీ ఇష్టాయిష్టాలకు వదలకండి. తెలుగును బటన్ నొక్కి వాల్చకండి. అచ్చుకు ఇచ్చేముందు, పంపే బటన్ నొక్కేముందు, మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల చేతికి ఆ కార్డు ఇవ్వండి. వాళ్లు తడుముకోకుండా పైనుంచి కిందిదాకా చదివితేనే అది పూర్తయినట్టు.